జొన్నచేలో వేలాడిన వెన్నెముక

మీ ఇంట్లో బీరువా మీద పెట్టిన స్కానింగ్ కవరును ఆఖరిసారి ఎప్పుడు కిందికి దించారు? ఉందా అని అడగటం లేదు. ఉంటుంది. పల్నాడులో ఇప్పుడు ఆ కవరు లేని ఇల్లు వెతికినా దొరకదు. అందులోని నల్లటి ఫిల్మును మనం మహా భద్రంగా చూసుకుంటాం. మడత పడకుండా బస్సులో ఒళ్ళో పెట్టుకుంటాం. డాక్టరు దాన్ని లైటు ముందు పెట్టి చూస్తుంటే ఊపిరి బిగపడతాం. ఇంటికొచ్చాక కొందరు కవరుకు పసుపు బొట్టు కూడా పెడతారు. మరి అదే కవరు అడుగున జారిపోయి ఉండే మెరిసే బిళ్ళ? ఆ సీడీని మీరెప్పుడైనా తెరిచారా? తెరవమని ఎవరినైనా అడిగారా?

మా అక్క మరిది దాన్ని ఏం చేశాడో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. కాకపోతే ముందు మీ బిళ్ళ ఎక్కడుందో చూసుకుని నవ్వండి.

మా అక్కది గురజాల దాటాక ఒక పల్లె. పొట్టి మనిషి, గట్టి మనిషి. మిరపకాయలు కళ్ళంలో ఆరే రోజుల్లో ఒక సాయంత్రం ఆమె కళ్ళం నుంచి ఇంటికి ఒక కాలి చెప్పుతోనే వచ్చింది. రెండో చెప్పు దారిలో ఎక్కడో ఊడిపోయింది. ఊడినట్టు ఆమెకు తెలియలేదు. అరికాల్లో కంపముళ్ళు దిగాయి. అదీ తెలియలేదు. తోడికోడలు చూసి, "అక్కా, కాలంతా నెత్తురేంది!" అని అరిచేదాకా ఆమె మామూలుగానే నడుస్తూ వస్తోంది. ఆ తర్వాత కాళ్ళు ఈడ్చటం మొదలైంది. తర్వాత గోడ పట్టుకోకుండా నడవలేకపోయింది.

ఊళ్ళో గాలి సోకిందన్నారు. ఒకరు తాయెత్తు తెచ్చి చేతికి కట్టారు. నేను చూడటానికి వెళ్ళినప్పుడు, "జబ్బు కాలిది, తాయెత్తు చేతికా?" అని అడిగాను.

"ఉండనీయవే, బరువా ఏంది?" అంది అక్క. "నువ్వొచ్చి తిడతావనే కట్టించుకున్నా. పొద్దు పోవద్దూ?"

నేను నరసరావుపేటలో ఫిజిక్సు చెప్పి రిటైరైనదాన్ని. మా నాన్న నన్ను గౌను వేసుకునే వయసు నుంచే టౌనుహాలు చర్చలకు తీసుకెళ్ళేవాడు. వేదిక మీద ఎంత పెద్దమనిషి మాట్లాడినా మా నాన్న వెనక వరసలోంచి లేచి ఒకే మాట అడిగేవాడు: "అది మీకెట్టా తెలుసు?" నాకు దక్కిన ఆస్తి ఆ ప్రశ్నే. రిటైరయ్యాక బడులకు వెళ్ళి పిల్లలకు దయ్యాల గురించి, చేతబడి గురించి మాట్లాడుతున్నాను. ఊరికే మాట్లాడితే పిల్లలు ఆవులిస్తారు. అందుకని మనిషి తలను పొరలు పొరలుగా తీసిన స్కాన్ బొమ్మలు, పేర్లు తీసేసి అందరికీ ఉచితంగా ఇచ్చేవి, ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకున్నాను. వాటిని చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి నేర్చుకున్నాను. ఒక్కో పొరా కదిలిస్తూ, "దయ్యం ఏ పొరలో ఉందో పట్టుకోండ్రా" అంటే పిల్లలు బెంచీలెక్కుతారు. ఆ సరదా కోసం నేర్చిన విద్య మా అక్క వీపుకు అక్కరకొస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఇక మా అక్క ఇంటి సంగతి. బావది ఒక జెండా. ఆయన తమ్ముడిది ఇంకో జెండా. ఒకే కప్పు కింద పెరిగిన ఇల్లు సర్పంచి ఎన్నికల తర్వాత మధ్యలో గోడ లేచి రెండయింది. పల్నాడు పల్లెల్లో జెండా అంటే ఓటు రోజు సంగతి కాదు. ఆ ఊళ్ళో టీ హోటళ్ళు రెండు, ఎరువుల కొట్లు రెండు. మిరపకాయలు కొనే వ్యాపారులు ఇద్దరు. సూది వేసే ఆర్.ఎం.పి.లు ఇద్దరు. ఆఖరికి నరసరావుపేట వెళ్ళినా "మనోళ్ళ" స్కానింగ్ సెంటరు ఒకటి, "ఆళ్ళ" స్కానింగ్ సెంటరు ఒకటి. అవతలివాళ్ళ మిషనులో దూరిన మనిషి అవతలివాళ్ళకు అమ్ముడుపోయినట్టే. ఇంతకంటే పెద్ద మూఢనమ్మకం ఏ తాయెత్తులోనైనా ఉందా?

అయితే ఆ మరిది మా అక్క చేతిలో పెరిగినవాడు. ఆమె కాపురానికి వచ్చేసరికి వాడికి ముక్కు తుడుచుకోవటం రాదు. ఆమె కాళ్ళు ఈడుస్తుంటే గోడ అవతల వాడికి అన్నం దిగలేదు. అదీ చిక్కు. అన్నదమ్ములు ఇద్దరికీ ఆమె కావాలి. ఇద్దరికీ ఒకరి మొహం ఒకరు చూడటం మాత్రం వద్దు.

ముందు బావ ఆమెను తన సెంటరుకు తీసుకెళ్ళి మెడ నుంచి వీపు కిందిదాకా స్కాన్ తీయించాడు. వెన్నుపూసల వెనక పట్టీలాంటిది ఒకటి ఉంటుంది. అది గట్టిపడి ఎముకలా మారి, లోపలి నరాల తాడును నొక్కుతోందని తేలింది. ఎక్కడ? ఛాతీ వైపు పదో పూసకూ పదకొండో పూసకూ మధ్య. మరిదికి అది నమ్మబుద్ధి కాలేదు. బావ మిరప బస్తాలతో గుంటూరు యార్డుకు వెళ్ళిన రోజున వాడు వదినను కారెక్కించుకుని తన సెంటరుకు పట్టుకెళ్ళాడు. కాళ్ళ జబ్బు నడుములోనే ఉంటుందని వాడి డాక్టరు చెప్పాడట, నడుము స్కాన్ తీయించాడు. మా అక్క పొట్టి మనిషి కాబట్టి నడుము బొమ్మలోకి వీపు కింది భాగం కూడా వచ్చింది. ఆ పై అంచున అదే నొక్కుడు కనపడింది. కానీ ఆ రిపోర్టులో తొమ్మిదో పూసకూ పదో పూసకూ మధ్య అని ఉంది.

గుంటూరులో ఆపరేషను చేసే డాక్టరుకు బావ తన ఫిల్ము, తన రిపోర్టు చూపించాడు. ఆయన వచ్చే బుధవారానికి రోజు ఖాయం చేశాడు. రెండో రిపోర్టు ఒకటుందని ఆయనకు చెప్పినవాళ్ళు లేరు. "ఆళ్ళ కాయితం నా చేత్తో పట్టుకోను" అన్నాడు బావ.

ఇదంతా నాకు తెలిసింది ఆ ముందు శుక్రవారం పొద్దున, మా అక్క ఇంటి అరుగు మీద. గొడవ అప్పటికే మంచి ఊపు మీదుంది. ఆ ఇంట్లో గొడవ ఎలా నడుస్తుందో మీరు చూడాలి. అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడరు. ఇద్దరూ మా అక్కతోనే మాట్లాడతారు.

"ఏమే, వాడికి చెప్పు. పెద్ద డాక్టరు చూశాడు, పదో పూస కిందే అన్నాడు, అయిపోయింది" అన్నాడు బావ, గోడ వైపు చూస్తూ.

గోడ అవతల నుంచి మరిది గొంతు లేచింది. "వదినా, నీ మొగుడికి చెప్పు. తొమ్మిదో పూస కిందని మా దాంట్లో అచ్చుగుద్ది ఉంది. ఆ పాత మిషనుకి పూసలు లెక్కపెట్టటం కూడా రాదని చెప్పు."

"ఆ సెంటరోడు మొన్న ఓట్లు లెక్కపెట్టినట్టే పూసలూ లెక్కపెట్టుంటాడని చెప్పవే!"

"నేనేం చెప్పను" అంది అక్క. మంచం మీద కూర్చుని కాళ్ళను చేతులతో ఎత్తి సర్దుకుంటోంది. "నా వీపు నాకు కనపడదు. మీ ఇద్దరికీ కనపడిద్ది గదా, మీరే తేల్చుకోండి. బుధవారంలోపు తేల్చుకోండి నాయనా, తర్వాత కోసేస్తారంట."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. రెండు రిపోర్టులూ అడిగి తీసుకుని పక్కపక్కన పెట్టాను. ఒకే మనిషి, ఒకే నొక్కుడు, రెండు అంకెలు. ఒకరిది తప్పని ఇద్దరూ అరుస్తున్నారు. రెండూ ఒప్పయితే?

మొదటి సెంటరువాళ్ళకు మెడ కనిపించింది. కాబట్టి పైనుంచి లెక్కపెట్టుకుంటూ దిగి ఉంటారు. రెండోవాళ్ళకు మెడ కనిపించలేదు. నడుము చివరి పూస దగ్గర మొదలుపెట్టి పైకెక్కి ఉంటారు. మనిషికి మెడలో ఏడు, ఛాతీ వెనక పన్నెండు, నడుములో ఐదు పూసలని పుస్తకం. పుస్తకం ప్రకారమైతే పైనుంచి లెక్కపెట్టినా కిందినుంచి లెక్కపెట్టినా ఒకే అంకె రావాలి. రాలేదంటే? శరీరం పుస్తకం చదివి పుట్టదు. కొందరికి నడుములో ఒక పూస ఎక్కువ ఉంటుందని నేనెప్పుడో చదివాను. అదే నిజమైతే ఇద్దరి లెక్కా ఒప్పే. మా అక్కకు మాత్రం ప్రాణగండం, ఎందుకంటే ఆపరేషను బల్ల మీద డాక్టరు ఏ వైపు నుంచి లెక్కపెడతాడో ఈ ఇంట్లో ఒక్కరూ అడగలేదు.

"సీడీలేవి?" అన్నాను.

బావ లోపలికి వెళ్ళి తన కవరు తెచ్చాడు. సీడీ ఉంది, దాని కాగితం సంచి కూడా నలగలేదు. నేను గోడ దగ్గరకు వెళ్ళి పిలిచాను. "అబ్బాయ్, నీ సీడీ ఇవ్వు."

గోడ మీదినుంచి వాడి తల కనపడి, మళ్ళీ దిగిపోయింది.

"ఏమయ్యా, బిళ్ళ ఉందా లేదా?"

"ఉంది చిన్నొదినా."

"యాడుంది?"

"చేలో" అన్నాడు.

"చేలో ఏంది?"

"జొన్న చేలో. కంకులు పాలు పోసుకునే టైము గదా. చిలకలు వాలకుండా మెరిసే బిళ్ళలు కడతన్నాం. ఫిల్ము బీరువాలోనే పెట్టా! బిళ్ళ ఉత్తదే గదా అని..."

మా అక్క మంచం మీద పడి పడి నవ్వింది. "ఒరేయ్! నా నడుము చూపిచ్చి చిలకల్ని బెదిరిస్తన్నావంట్రా!"

మరిది సెంటరుకు ఫోన్ చేశాము. అక్కడ కంప్యూటరు మార్చారట. పాత బొమ్మలు వెతికి ఇవ్వాలంటే వారం పడుతుందట. బుధవారం మాకోసం ఆగదు. నేను మరిది బండెక్కాను.

చేను గట్టున నిలబడితే కర్రల మీద, దారాల మీద ఒకటి కాదు, బోలెడు బిళ్ళలు గిరగిరా తిరుగుతూ ఎండలో మెరుస్తున్నాయి. పాటల సీడీలు, ట్రాక్టరు కంపెనీవాళ్ళిచ్చిన సీడీలు. ఒకదాన్ని తిప్పి చూస్తే పెళ్ళి ముహూర్తం రాసి ఉంది.

"ఇది నీ పెళ్ళిదా?"

"అవును. పర్లా, ఇప్పుడెవురూ చూడటంలా" అని వాడు ముందుకు నడిచాడు.

చేను నాలుగో మూల, ఒక వంగిన కర్రకు దొరికింది. స్కెచ్ పెన్నుతో రాసిన అక్క పేరు ఎండకు వెలిసిపోయి నీడలా మిగిలింది. దాని మీద పిట్ట రెట్ట కూడా ఉంది. చిలకలు ఏమాత్రం భయపడ్డాయో దాన్నిబట్టే తెలుస్తోంది. నేను దాన్ని చీర చెంగులో పెట్టుకుని, బండి మీద గుండెకు అదుముకుని తెచ్చాను. సబ్బు నీళ్ళలో ముంచి, పాత పంచె గుడ్డతో మధ్యనుంచి అంచుకు మెల్లగా తుడిచాను.

అరుగు మీద ల్యాప్‌టాప్ పెట్టాను. బడుల కోసం కొన్న చిన్న సీడీ పెట్టె దానికి తగిలించాను. బావ సీడీ టక్కున తెరుచుకుంది. చేలోంచి తెచ్చిన సీడీ గర్రుమంది, ఆగింది. మళ్ళీ తుడిచాను. గర్రుమంది, ఆగింది. మరిది తన గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. సర్పంచి ఎన్నికలు అయినప్పటి నుంచి వాడు ఈ వైపు అరుగెక్కలేదు.

"రారా, గడప కరవదు" అంది అక్క.

వాడు వచ్చాడు. సరిగ్గా అప్పుడే పెట్టె గొంతు మారి, సన్నగా పాడుతున్నట్టు తిరగటం మొదలెట్టింది. బొమ్మలు ఒక్కొక్కటే దిగుతున్నాయి! కొన్ని రాలేదు, అంచు పాడైంది. వచ్చినవి చాలు.

వెన్నెముక స్కాన్ అంటే ఏమిటో మీకు తెలుసా? ములక్కాయను నిలువునా పలచటి పొరలుగా చీల్చారనుకోండి. ఒక్కో పొరా ఒక బొమ్మ. మధ్య పొరల్లో గింజలు వరసగా కనపడతాయి, అవే పూసలు. మరి ఆ పొరలన్నీ కలగాపులగం చేస్తే? చేలోని సీడీ అచ్చం అలాగే తెరుచుకుంది. బొమ్మల ఫైళ్ళకు ఒకటి, రెండు అని అంకెలే పేర్లు. కంప్యూటరు వాటిని అక్షరాల్లా చదివి, ఒకటి తర్వాత పదిని, పది తర్వాత పదకొండును, అవన్నీ అయ్యాక రెండును నిలబెట్టింది. తెర మీద మా అక్క వెన్ను ఎడమ నుంచి కుడికి గెంతి మళ్ళీ వెనక్కి గెంతుతోంది.

"చూశావా, ఆ సెంటరు సరుకు!" అన్నాడు బావ హుషారుగా.

"గమ్మునుండు బావా. సరుకు మంచిదే, వరసే తప్పు."

ప్రతి బొమ్మ లోపలా, మనకు కనపడకుండా ఒక చీటీ ఉంటుంది. ఈ పొర మనిషికి ఎంత ఎడమన, ఎంత కుడిన, ఎంత ఎత్తున ఉందో మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. పేర్లను వదిలేసి, ఉన్న చోటును బట్టి వరస కట్టమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాను. ఇంటిపేరు చూసి మనిషికి చోటిచ్చే మన దేశం నేర్చుకోవాల్సిన పద్ధతి! ఒక్క నొక్కు. బొమ్మలు కదిలాయి, సర్దుకున్నాయి. గెంతులు ఆగిపోయాయి. నా వేలు కదిలిస్తే మా అక్క నడుము ఈ పక్క నుంచి ఆ పక్కకు నీళ్ళలా సాఫీగా సాగింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టాను కూడా.

ఇప్పుడు రెండింటినీ కలపాలి. ఒక బిళ్ళ ప్రకారం అక్క వయసు యాభై ఎనిమిది. ఇంకో బిళ్ళ ప్రకారం అరవై రెండు.

"ఏ పార్టీవోళ్ళే నన్ను చిన్నదాన్ని చేసింది?" అంది అక్క.

"మరిది పార్టీ."

"చూశావా" అంది మొగుడితో. "నీకు ఓటెయ్యను ఈసారి."

వయసు కలవకపోతే ఇవి ఒకే మనిషివని నాకెట్టా తెలుసు? నాన్న ప్రశ్న నా మెడ మీదే కూర్చుని ఉంది. రెండు బొమ్మల్లోనూ ఉండే ఒక గుర్తు కావాలి. వెతికాను. దొరికింది! ఒక పూస మధ్యలో తెల్లగా, కందిగింజంత గుండ్రటి చుక్క. రెండు రిపోర్టుల్లోనూ దాని గురించి రాశారు, హాని లేనిదని. పదో తరగతి సర్టిఫికెట్టులో పుట్టుమచ్చలు రాస్తారు చూశారా, ఇది ఎముకకు పుట్టుమచ్చ. రెండు బొమ్మల్లోనూ అదే ఆకారం, నొక్కుడుకు అదే దూరం. మనిషి ఒకరే.

ఇక్కడ ఇంకో తిప్పలు. రెండు మిషన్లకూ సున్నా వేరు. ఒకరు కొలత మొదలుపెట్టిన చోట ఇంకొకరు మొదలుపెట్టలేదు. ఈ ఊరి కథే తెర మీద కూడా! ఒకదాన్ని పారదర్శకంగా చేసి రెండోదాని మీద పరిచాను. రెండింటికీ వేరువేరు రంగులు వేసే సౌకర్యం ఉంది కానీ, ఆ ఇంట్లో ఏ రంగు వేసినా గొడవేనని నలుపు తెలుపుల్లోనే ఉంచాను. పైదాన్ని కొంచెం కిందికి జరిపాను, ఒక పిసరు తిప్పాను. మాచర్ల వైపు నాపరాయి గనుల్లో పలకలు తీయటం చూసినవాళ్ళకు తెలుస్తుంది. తీసిన పలకలను తిరిగి అదే వరసలో పేరిస్తే రాతిలోని చార పలక నుంచి పలకకు తెగకుండా నడుస్తుంది. అలా మచ్చ మీద మచ్చ వాలింది. నొక్కుడు మీద నొక్కుడు కూర్చుంది. రెండు వెన్నులు ఒక వెన్నయ్యాయి. కలిపి కొత్త బొమ్మగా దాచమని నొక్కాను.

మెడ నుంచి తోకఎముక దాకా మా అక్క వెన్నెముక మొత్తం, మొట్టమొదటిసారి, ఒకే తెర మీద నిలబడింది. ఎంత అందంగా ఉందో! ఎంత బరువు మోసిందో ఆ వంపు! ఏ గుళ్ళోనూ నేను పొందని పులకింత ఆ అరుగు మీద పొందాను.

"లెక్కపెట్టండి" అన్నాను.

బావ కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. మెడలో రెండో పూసకు పన్నులాంటి మొన ఉంటుంది, ఎవరైనా గుర్తుపట్టవచ్చు. దాన్ని చూపించి, ఛాతీ పూసలు ఎక్కడ మొదలవుతాయో చెప్పాను. ఆయన వేలు పెట్టి దిగటం మొదలెట్టాడు. మరిదికి నడుములో అడుగు పూస చూపించి, కిందనుంచి ఐదు నడుమువి, ఆపైన పన్నెండు, పదకొండు అనుకుంటూ ఎక్కమన్నాను. ఇద్దరూ తెరకు అటూ ఇటూ వంగారు. ఇద్దరూ బిగ్గరగానే లెక్కపెడుతున్నారు, పక్కవాడి అంకె చెవిన పడకుండా గొంతు పెంచుతూ. పెద్ద వేలు దిగుతోంది. చిన్న వేలు ఎక్కుతోంది.

నల్లటి నొక్కుడుకు సరిగ్గా పైనున్న పూస మీద రెండు వేళ్ళూ గుద్దుకున్నాయి.

"పది" అన్నాడు బావ.

"తొమ్మిది" అన్నాడు మరిది.

ఇద్దరూ వేలు తీయలేదు. పూస ఒకటే. అంకెలు రెండు.

"ఒరేయ్, నువ్వు సరిగ్గా లెక్కపెట్టావంట్రా?" అన్నాడు బావ. గోడతో కాదు, మా అక్కతో కాదు. తమ్ముడితో.

"నీ కళ్ళ ముందే గదన్నా లెక్కపెట్టింది! నువ్వు పెట్టి చూడు."

బావ కిందనుంచి లెక్కపెట్టాడు. తొమ్మిది. తమ్ముడు పైనుంచి లెక్కపెట్టాడు. పది. అప్పుడు నేను పైనుంచి ఛాతీవి పన్నెండూ దాటించి, మిగిలిన నడుము పూసలను మెల్లగా చూపించాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఇంకొకటి.

"ఆరా?" అంది అక్క మంచం మీద నుంచి. "అందుకేనేమో, ఇద్దరి మధ్యా ఇన్నాళ్ళు నిలబడ్డా."

నవ్వారు. ఆ నవ్వు అయిపోకముందే నేను అడిగాను. "బావా, బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, నడుం దగ్గర నుంచి ఎక్స్‌రే పెట్టి లెక్కపెడతారేమో. నీ రిపోర్టులో ఉన్న పదిని డాక్టరు కిందనుంచి వెతికితే ఏ పూస దగ్గర ఆగుతాడు?"

బావ తెర వైపు చూశాడు. వేలు పెట్టి ఎక్కాడు. కింది లెక్కలో పదో పూసకూ పదకొండో పూసకూ మధ్య సందు నొక్కుడుకు ఒక అంతస్తు కింద ఉంది. అక్కడ ఏమీ లేదు. అంతా బాగున్న చోటు. ఆయన వేలు అక్కడే ఆగిపోయింది.

"మంచి చోట కోస్తారా?" అన్నాడు.

డాక్టరు తనంతట తానే పట్టుకునేవారేమో. పట్టుకోకపోయేవారేమో. ఆ 'ఏమో' మీద మా అక్క వీపును పెట్టటం నాకు సమ్మతం కాదు.

సోమవారం గుంటూరు వెళ్ళాము. మరిది కారులోనే. బావ ముందు సీట్లో కూర్చోబోయి, అద్దం ముందున్న చిన్న జెండాను చూసి ఆగాడు. మరిది దాన్ని తీసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టి మూత వేశాడు. బావ ఎక్కాడు.

డాక్టరు నా ల్యాప్‌టాప్ వైపు అనుమానంగా చూశారు. "మీరు డాక్టరా అమ్మా?"

"కాదండీ. జబ్బేమిటో చెప్పటానికి రాలేదు. ఒక ప్రశ్న అడగటానికి వచ్చాను. బల్ల మీద మీరు పూసలను పైనుంచి లెక్కపెడతారా, కిందినుంచా?"

"కిందినుంచి."

ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను. ఆయన మొదట నిర్లక్ష్యంగానే జరిపారు. తర్వాత ముందుకు వంగారు. పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నారు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టారు. కళ్ళజోడు తీసి బావను అడిగారు: "రెండో స్కాన్ ఉందని నాకెందుకు చెప్పలేదు?"

బావ తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు నేల వైపు చూశాడు. పల్నాడు రాజకీయాన్ని ఒక డాక్టరుకు ఏమని వివరిస్తారు?

"మీరు కలిపిన బొమ్మను నమ్మి నేను కత్తి పట్టుకోను" అన్నారాయన నాతో. "మొత్తం వెన్నెముకను ఒకే మిషన్లో, ఒకేసారి తీయిస్తాను. అదీ ఇదీ ఒకటైతే మీ ప్రశ్న నిలిచినట్టే."

ఎంత గొప్ప మాట! నమ్మను, చూస్తాను అనటం! ఆయన చేయి పట్టుకుని ఊపేద్దామనిపించింది. ఆ సాయంత్రమే కొత్త స్కాన్ తీశారు, ఏ పార్టీదీ కాని ఆసుపత్రి మిషన్లో. తెర వైపు చూస్తూ ఆయన వేళ్ళు ముడిచారు. నడుములో ఆరు. రిపోర్టు మీద తన చేత్తో పెద్ద అక్షరాల్లో రాసుకున్నారు, ఏ వైపు నుంచి లెక్కపెడితే ఎన్నో పూస అని, రెండు లెక్కలూ.

బుధవారం ఆపరేషను సరైన చోటే జరిగింది. ఆ పొద్దు అన్నదమ్ములిద్దరూ ఆసుపత్రి ముందు ఒకే బడ్డీ కొట్టు దగ్గర టీ తాగారు. అది ఎవరి కొట్టో ఇద్దరూ అడగలేదు. వాళ్ళు కలిసిపోయారని కథలు చెప్పను. గోడ ఇంకా ఉంది, జెండాలూ ఉన్నాయి. కాకపోతే ఇప్పుడు ఆమె మాత్రలు తెచ్చేది తమ్ముడైతే, వేళకు వేయించేది అన్న.

మళ్ళీ కళ్ళం రోజులొచ్చాయి. నేను వెళ్ళేసరికి అక్క కర్ర ఆనించుకుని ఎర్రటి మిరపకాయల మధ్య నిలబడి కూలీల మీద కేకలేస్తోంది. నన్ను చూసి ఒక కాలు కొంచెం ముందుకు చాపింది.

"చూడవే, చెప్పు ఉందా?"

"ఉంది."

"ఉందని నాకు తెలుసు" అంది. "తెలిసి అడుగుతున్నా."

చదివారు కదా. ఇక లేవండి. బీరువా మీది కవరు దించండి. సీడీ ఉందో లేదో చూడండి. చేలో ఉంటే విప్పండి, కారు అద్దానికి వేలాడుతుంటే తెంపండి. మీ ఇంట్లో జబ్బు మనిషికి ఎన్ని చోట్ల స్కాన్ తీయించారో అన్నీ, మనోళ్ళవీ ఆళ్ళవీ అనకుండా, ఒకే సంచిలో వేసి ఒకే డాక్టరు బల్ల మీద కుమ్మరించండి. ఆపరేషనుకు సంతకం పెట్టేముందు నోరు తెరిచి అడగండి: ఎక్కడి నుంచి లెక్కపెడుతున్నారండీ? జవాబు వచ్చేదాకా ఆ కుర్చీలోంచి లేవకండి.

కవరు ఇంకా బీరువా మీదే ఉందా? దించండి!